పొదుగు మీద పెట్ట, పుస్తకం ముందు పిల్ల

ఇంట్లో ఒక పక్షినో జంతువునో సాకుతూ పిల్లలు బడి పాఠాలు నేర్చుకోగలరా అన్నది ఇవాళ్టి విషయం. పెంపుడు జంతువు ఉంటే పిల్లలకు దయ అలవడుతుందనీ, బాధ్యత తెలుస్తుందనీ అందరూ అంటారు. కాదనను. అయితే దయకూ బాధ్యతకూ పరీక్ష పేపరు ఉండదు. నేను అడుగుతున్నది లెక్కల సంగతి, సైన్సు సంగతి, సాంఘికశాస్త్రం సంగతి. అవి కూడా పెరట్లో నేర్చుకోవచ్చనే నా అభిప్రాయం. దానికొక షరతు మాత్రం ఉంది. జంతువు ఇంట్లో తిరుగుతున్నంత మాత్రాన ఏ పాఠమూ రాదు. దాన్ని చూసుకునే పని నిజంగా పిల్లల చేతుల్లో ఉండాలి. చూసింది చూసినట్టు తేదీ వేసి రాసుకునే అలవాటు ఉండాలి. ఆ రాసినదాన్ని చదివి ప్రశ్న అడిగేవాళ్లు ఒకరుండాలి. ఇవేవీ లేని ఇంట్లో కుక్క పదేళ్లు బతికినా పిల్లవాడి చదువుకు ఒరిగేదేమీ లేదు. ఈ మాటను నిలబెట్టడానికి కుక్కను పక్కన పెట్టి కోడిపెట్టను ఉదాహరణగా తీసుకుంటాను. మన పల్లెల్లో అది పెద్దగా ఖర్చు పెట్టించని ప్రాణి. పైగా మూడు వారాల్లో ఒక జీవితం మొదలవడం మొత్తం కళ్లముందు జరుగుతుంది. చూస్తూ చూస్తూ పిల్లలు విసుగెత్తిపోయేంత కాలమూ పట్టదు.

ముందు సాక్ష్యం చూద్దాం. కయోకో ఇనగాకి అనే జపాన్ పరిశోధకురాలు 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో గోల్డ్‌ఫిష్‌ను స్వయంగా పెంచుతున్న ఐదేళ్ల పిల్లలను, ఏ జంతువునూ పెంచని అదే వయసు పిల్లలతో ఆమె పోల్చి చూశారు. మామూలు జంతువుల గురించిన సమాచారంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గోల్డ్‌ఫిష్ గురించి పెంచినవాళ్లకు ఎక్కువ తెలుసు. అందులో వింతేముంది అంటారా, నిజమే. వింత ఆ తర్వాత ఉంది. వాళ్లెవరూ పెంచని కప్పను గురించి కొన్ని ప్రశ్నలు అడిగారు. కప్పపిల్లను ఎప్పటికీ అదే సైజులో ఉంచగలమా అన్నది వాటిలో ఒకటి. కుదరదు, నా చేప కూడా చిన్నగా ఉండి పెద్దదైంది కాబట్టి కప్పా పెరుగుతుంది అన్న ధోరణిలో చేపను పెంచిన పిల్లలు జవాబులు చెప్పగలిగారు. తెలిసిన దాని మీద నిలబడి తెలియనిదాన్ని ఊహించడం, ఆ ఊహకు కారణం చెప్పడం ఐదేళ్లకే వచ్చిందన్నమాట. అదే సమయంలో ఈ అధ్యయనం చెప్పని సంగతి కూడా గమనించాలి. జంతువును పెంచితే పిల్లలు మొత్తంగా తెలివైనవాళ్లవుతారని అది ఎక్కడా చెప్పలేదు. పెంచిన ప్రాణిని గురించి లోతుగా తెలుస్తుంది, ఆ లోతు పక్క ప్రాణికి పనికొస్తుంది, అంతవరకే. నాకు అంత చాలు. జపాన్ వాళ్లు కూడా 1992 నుంచి ఒకటి, రెండు తరగతుల్లో సైన్సూ సాంఘికమూ విడివిడిగా చెప్పడం మానేసి, రెంటినీ కలిపి పరిసరాల జీవితం గురించిన ఒకే సబ్జెక్టుగా మార్చారు. మొక్కలు పెంచడం, జంతువుల్ని సాకడం ఆ సబ్జెక్టులో భాగం.

ఇక పెట్ట దగ్గరికి వద్దాం. పొదుగుకొచ్చిన పెట్టను గంపలో ఊకో గడ్డో పరిచి, పది గుడ్ల మీద కూర్చోబెడతారు. అక్కణ్నుంచి ఇరవై ఒక్క రోజులు. మొట్టమొదటి లెక్క ఇక్కడే తగులుతుంది. పెట్టను కూర్చోబెట్టిన రోజు సున్నానా, ఒకటా? సోమవారం సాయంత్రం కూర్చోబెడితే పిల్లలు సోమవారం వస్తాయా, ఆదివారం వస్తాయా? పెద్దవాళ్లు కూడా ఈ లెక్కలో తడబడతారు. వడ్డీ రోజులు లెక్కపెట్టేటప్పుడూ, రైలు రిజర్వేషను తేదీ చూసుకునేటప్పుడూ ఇదే తికమక. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒక నంబరు వేయాలి. ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా గుర్తు పెట్టాలి. పెట్ట మేతకు లేచిన వేళ చూస్తే, నిన్న పైకి ఉన్న గుర్తు ఇవాళ కిందికి పోయి ఉంటుంది. ఎవరు తిప్పారు? పెట్టే ముక్కుతో తిప్పింది. ఎందుకు తిప్పింది అన్నదానికి జవాబు థర్మామీటరు చెబుతుంది. పెట్ట ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీల దరిదాపు. పెట్ట ఒంటికి తగిలే వైపు వేడి, గడ్డికి తగిలే వైపు చల్లన. తిప్పితేనే వేడి అన్ని వైపులకూ అందుతుంది. తిప్పకపోతే లోపల ఎదిగే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోయే ప్రమాదమూ ఉంది. వేడి ఎటునుంచి ఎటు పోతుందో పుస్తకంలో బాణం గుర్తులతో గీసి చూపిస్తారు. ఇక్కడ పెట్టకు ఆ సంగతి తెలిసినట్టే ఉంటుంది. పాపం, బాణాలు గీయడం మాత్రం రాదు.

తూకంలో ఇంకా పెద్ద పాఠం ఉంది. ఇప్పుడు వంటింటి ఎలక్ట్రానిక్ కాటాలు చాలా ఇళ్లలో ఉంటున్నాయి. మూడు నాలుగు గుడ్లను రోజు విడిచి రోజు, పెట్ట లేచిన వేళ తూచి రాసుకోమనండి. తూచే ముందు పిల్లలను ఒక ప్రశ్న అడగండి. లోపల పిల్ల పెరుగుతోంది కదా, గుడ్డు బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుందనే ఎక్కువమంది అంటారు. పెద్దలు కూడా అంతే. కాటా మాత్రం తగ్గుతోందని చూపిస్తుంది. పొదిగే కాలంలో గుడ్డు తన బరువులో సుమారు 12 శాతం పోగొట్టుకుంటుంది. 45 గ్రాముల గుడ్డు నుంచి ఐదు గ్రాముల పైచిలుకు నీరు ఆవిరై, పెంకులో కంటికి కనిపించని వేల రంధ్రాల గుండా బయటికి పోతుంది. పిల్ల ఒంట్లో చేరేదంతా దాదాపు తెల్లసొన, పచ్చసొన, పెంకుల నుంచి వచ్చిందే. బయటి నుంచి అందుతున్నది గాలీ వెచ్చదనమూ మాత్రమే. ఎదుగుదల అంటే బరువు పెరగడమేననుకునే పిల్లకు ఈ గ్రాఫు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఆ చిక్కు విప్పుకునే క్రమంలో ఎదగడానికీ, బరువెక్కడానికీ ఉన్న తేడా తెలుస్తుంది. నీరు పోయిన చోట గుడ్డు మొద్దు కొనలో గాలి గది పెద్దదవుతుంది. పెంకు పగలగొట్టుకునే ముందు పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది ఆ గదిలోని గాలినే. సుమారు 2,300 ఏళ్ల కిందట గ్రీసు దేశపు అరిస్టాటిల్, పొదుగులో ఉన్న గుడ్ల లోపల రోజు రోజుకూ ఏం మారుతుందో రాసిపెట్టాడు. మూడు రోజులు గడిచాక గుండె ఒక నెత్తుటి చుక్కలా కొట్టుకుంటూ కనిపిస్తుందన్నాడు. మన పిల్లలకు గుడ్డు పగలగొట్టే పని లేదు. చీకటి గదిలో టార్చి ముందు అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, దాని మీద గుడ్డు ఆనించి చూస్తే ఏడో రోజుకల్లా ఎర్రటి సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి. కనిపించని గుడ్డు ఒట్టిది.

ఇక్కడ నమ్మకాల ప్రస్తావన తేకుండా ముందుకు పోలేను. చాలా ఊళ్లలో పొదుగు గంపలో ఒక ఇనుప ముక్కో, బొగ్గో పెడతారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అవి కాపాడతాయట. చదువుకున్నవాళ్లు మూఢనమ్మకమని నవ్వుతారు. అవ్వ మాత్రం నా కాలం నుంచీ చూస్తున్నానంటుంది. నవ్వినవాళ్లూ పరీక్షించలేదు, నమ్మినవాళ్లూ పరీక్షించలేదు. పిల్లలు పరీక్షించవచ్చు. రెండు పెట్టలు ఒకే వారంలో పొదుగుకొస్తే ఒక గంపలో ఇనుము పెట్టి, రెండోదానిలో పెట్టకుండా చూడొచ్చు. ఇనుమున్న గంపలో పదికి ఎనిమిది పిల్లలు, లేని గంపలో ఏడు వచ్చాయనుకుందాం. అవ్వ గెలిచినట్టేనా? రెండు పెట్టలూ ఒకటి కావు కదా. గుడ్లు కూడా ఒకే పుంజు సంతానం కాకపోవచ్చు. ఒక్క గుడ్డు తేడా ఊరికే కూడా వస్తుంది. ఈసారి ఇనుమును రెండో గంపలోకి మార్చి మళ్లీ చూడాలి. ఎన్నిసార్లు చూస్తే నమ్మొచ్చు అన్న ప్రశ్న పుట్టిన క్షణాన, కొత్త మందును వేలమంది మీద ఎందుకు పరీక్షిస్తారో ఆ పిల్లకు అర్థమవుతుంది. లెక్కల పుస్తకంలో దత్తాంశాల పాఠం చెప్పదలచుకున్నదీ అదే. పెద్దల మాటలన్నీ ఒకే గాటన కట్టకూడదని కూడా తెలుస్తుంది. నడివేసవిలో గుడ్లు పొదగేయకూడదని వాళ్లే అంటారు. దానికి గట్టి కారణం ఉంది. గాలి వేడి 20, 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం పెట్ట లేకుండానే మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది. రోహిణి కార్తె ఎండలకు పెట్ట కిందికి చేరకముందే సగం ఎదిగి, సగంలో ఆగి చచ్చిపోతుంది. ఒక మాటకు కారణం దొరికింది, ఇంకొక మాటకు ఇంకా దొరకలేదు. రెంటినీ ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కనే రాసుకోవచ్చు.

పొదుగు అయిపోయాక కూడా పాఠం ఆగదు. వాడేసిన గుడ్డు పెంకులను పొడి చేసి కోళ్లకు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఎందుకని అడగండి. ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట ఎముకలన్నిటిలో కలిపి ఉన్నది ఇరవై గ్రాముల దరిదాపు. అంటే రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే పెట్ట, బయటి నుంచి ఏమీ అందకపోతే, మూడు వారాల్లో తన ఎముకలన్నీ కరిగించి గుడ్లుగా పెట్టేయాలి. భాగహారం వచ్చిన ఏ పిల్లయినా ఈ లెక్క చేయగలదు. ఆ లెక్క వచ్చాక ఫారాల్లో దాణాలో ఆల్చిప్పల పొడి ఎందుకు కలుపుతారో వేరే చెప్పక్కర్లేదు. పెంకు ముక్క మీద నిమ్మరసం పోస్తే బుడగలొస్తాయి. పదో తరగతి రసాయనశాస్త్రంలో ఆమ్లాలూ కార్బనేట్లూ అన్న పాఠం మొత్తం ఆ బుడగల్లో ఉంది.

కోళ్ల మేత గురించి ఒక పెద్ద కథ ఉంది. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు. ఇప్పుడు జకార్తా అంటున్న నగరం అప్పట్లో బటావియా, డచ్చివాళ్ల వలస రాజధాని. క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1889, 90 ప్రాంతంలో అక్కడ బెరిబెరి జబ్బుకు కారణమైన సూక్ష్మజీవి కోసం వెతుకుతున్నాడు. ఆయన కోళ్లకే అలాంటి జబ్బు వచ్చి కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకు, ఏ మందూ వేయకుండానే, వాటంతట అవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందిది. జబ్బు పడ్డ రోజుల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన పాలిష్ బియ్యం అన్నం వేశారు. తర్వాత వచ్చిన వంటవాడు, సైనికుల బియ్యం సైనికులు కాని కోళ్లకు వేయడమేమిటని ఆపేశాడు. అప్పటినుంచి ముడి బియ్యం వేశారు. తౌడులో ఏదో ఉందని ఐక్‌మన్‌కు స్పష్టమైంది కానీ, బియ్యంలో విషముందనీ తౌడు దానికి విరుగుడనీ ఆయన అనుకున్నాడు. తౌడులో ఉన్న ఏదో పదార్థం అందకపోవడమే జబ్బు అని 1901లో ఆయన తర్వాత ఆ పని చేపట్టిన గెరిట్ గ్రైన్స్ సరిచేశాడు. విటమిన్ల శాస్త్రానికి అక్కడ దారి పడింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. వంటవాడి పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఐక్‌మన్‌కు కోళ్లంటే ప్రేమ ఉందో లేదో మనకు అనవసరం. ఏ రోజు మేత మారింది, ఏ రోజు కోడి లేచి నిలబడింది అన్న రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూశాడు, అంతే. మన ఇళ్లలో తరతరాలుగా కోళ్లకు తౌడు వేస్తూ, పిల్లలకు తెల్లన్నం పెడుతూ వచ్చాం. ఎవరి పళ్లెంలో ఏముందో రాసుకున్నవాళ్లు లేరు.

సాంఘికశాస్త్రం గుడ్డు ధరలో దొరుకుతుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, ప్రాంతాల వారీగా వంద గుడ్ల ధర రోజూ ప్రకటిస్తుంది. ఆ ధరనూ, వీధి కొట్టులో గుడ్డు ధరనూ నెలరోజులు పక్కపక్కన రాస్తే రవాణా ఎంత, కొట్టువాడి లాభం ఎంత అని అడిగే దారి ఏర్పడుతుంది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలోనూ, తెలంగాణ మొదటి మూడింటిలోనూ ఉన్న సంగతి అప్పుడు ఊరికే కంఠస్థం చేసే వాక్యంగా ఉండదు. జాతరల్లో అమ్మే రంగుల కోడిపిల్లల సంగతీ చూడండి. గులాబీ రంగు, పచ్చ రంగు పూసిన ఆ పిల్లలు చాలావరకు గుడ్ల ఫారాలకు పనికిరాని మగపిల్లలు. హేచరీకి అవి దండగ, అందుకే అంత చవక. అవి ఇంటికి తెచ్చిన వారంలోపే ఎందుకు చచ్చిపోతాయి? మొదటి వారం కోడిపిల్లకు 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, సొంతంగా ఒంటి వేడి నిలుపుకోవడం ఇంకా రాదు. తల్లి రెక్క లేదు, బల్బు లేదు. అట్టపెట్టెలో రాత్రి చలికి ముడుచుకుపోతుంది. ఒకే పిల్ల దగ్గర జీవశాస్త్రమూ ఆర్థికశాస్త్రమూ ఇలా కలిసి కనిపించే చోటు పాఠ్యపుస్తకంలో నాకు తట్టడం లేదు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బరువైనది ముందు చెబుతాను. ఇదంతా పాత పాటే కదా, వార్ధా పథకంలో విన్నాం కదా అంటారు. నిజమే. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తల సమావేశం పెట్టారు, జాకీర్ హుసేన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఒక చేతిపనిని ఆధారం చేసుకొని అన్ని సబ్జెక్టులూ చెప్పాలన్నది ఆలోచన. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు రాబట్టాలని కూడా గాంధీజీ ఆశించారు. బడి కర్మాగారం అవుతుందనీ, పిల్లలు కూలీలవుతారనీ అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ సరైనదేనని నా నమ్మకం. పని నుంచి డబ్బు ఆశించిన రోజున పాఠం వెనకబడి, పని ముందుకొస్తుంది. ఈనాటికీ ఆ ప్రమాదం పోలేదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు ఇంటి వృత్తిలో సాయపడటానికి ఒప్పుకుంటుంది. సాయానికీ చాకిరీకీ మధ్య గీత ఎక్కడుందో ఇంటి బయటివాళ్లకు కనిపించదు. అందుకే నేను పదిహేను మేకల గురించి మాట్లాడటం లేదు, ఒక పెట్ట గురించి మాట్లాడుతున్నాను. రోజుకు అరగంట దాటని పని. అందులో సగం రాత.

కానీ ఈ అభ్యంతరానికి రెండో ముఖం ఉంది. దాన్ని మనం తేలిగ్గా దాటేస్తాం. మేకలు కాసే ఇంట్లో పుట్టిన పిల్లకు మేక ఎప్పుడు ఎదకొచ్చిందో, ఐదు నెలలకు ఏ వారంలో ఈనుతుందో, ఏ ఆకు తింటే కడుపుబ్బుతుందో తెలుసు. గేదెలున్న ఇంటి పిల్లవాడికి చూడి గేదె పది నెలల లెక్క తెలుసు. బడిలో ఈ తెలివికి విలువ లేదు. ఎవరూ అడగరు. ఆ పిల్ల మేకల వెంట పోయిన రోజు హాజరుపట్టీలో గైర్హాజరు అని మాత్రం పడుతుంది. పట్నం పిల్ల ఇంట్లో కుందేలును పెంచితే దాన్ని అనుభవపూర్వక అభ్యసనం అంటున్నాం. 2020 జాతీయ విద్యావిధానం నిండా ఆ మాటే. పల్లె పిల్ల మేకను పెంచితే వెనకబాటుతనం అంటున్నాం. ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టాలి. పని గంటలు తగ్గించాలి, ఆ పనిలో ఉన్న తెలివిని తరగతి గదిలోకి పిలవాలి. ఇది మాటల్లో తేలిక, చేతల్లో కష్టం. అరవైమంది పిల్లలున్న గదిలో ఒక్కరే టీచరుంటే ఎవరి మేక సంగతి అడగగలరు?

మార్కుల సంగతేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972 నుంచి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు చెప్పే కార్యక్రమం ఒకటి ముప్పై ఏళ్లు నడిచింది. పరీక్షలో పుస్తకం తెరుచుకొని రాయనిచ్చేవారు. ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. అంటే బోధనతో పాటు పరీక్షనూ మార్చారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఎంత మంచి పద్ధతైనా చివరి పరీక్ష కంఠస్థానికే మార్కులిస్తుంటే నిలబడదని అక్కడివాళ్లకు మొదటి నుంచీ తెలుసు. కాబట్టి పెట్టను సాకితే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. ఇనగాకి అధ్యయనం కూడా ఇవ్వలేదు. పుస్తకంలో ఆమ్లాల పాఠం, శాతాల పాఠం ఎదురైనప్పుడు ఇది నాకు తెలిసిన సంగతే అనిపించడం మాత్రం జరుగుతుంది. ఆ పరిచయంతో చదివిన పాఠం తొందరగా మరుపుకు రాదు.

జబ్బుల భయం నిజమైన భయం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణైంది. కోళ్లు అంతుచిక్కకుండా చచ్చిపోతున్న రోజుల్లో పిల్లలను గూటి దగ్గరికి పోనివ్వకూడదు, పశువుల ఆసుపత్రికి చెప్పాలి. మామూలు రోజుల్లోనూ గూడు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగాలి. కుక్కను పెంచే ఇంట్లో రేబిస్ టీకా తప్పనిసరి. కరిచినా, గోరు గీరినా పావుగంట సేపు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడిగి ఆసుపత్రికి పోవాలి. పసుపూ సున్నమూ వద్దు. ఇవన్నీ చెబితే పిల్లలు బెదురుతారని కొందరంటారు. బెదరరు, తెలుసుకుంటారు. మన కోళ్లకొచ్చే కొక్కెర తెగులును రాణిఖేత్ జబ్బు అంటారు. మనదేశంలో 1920లలో దాన్ని గుర్తించిన రాణిఖేత్ అనే ఊరు హిమాలయాల్లో ఉంది. ఆ ఊరి పేరు మన పెరట్లోకి ఎలా వచ్చిందో పటం ముందు పెట్టుకొని చెప్పవచ్చు. 1879లో లూయీ పాశ్చర్ బలహీనపరిచిన క్రిమితో టీకా తయారు చేయవచ్చని కనిపెట్టింది కోళ్ల కలరా మీదే. పెట్ట పిల్లలకు పశువుల ఆసుపత్రిలో చుక్కల మందు వేయించిన రోజు ఆ సంగతి చెబితే టీకా అన్న మాటకు పిల్లల మనసులో ఒక రూపం వస్తుంది.

ఇంకో ప్రశ్న నీతికి సంబంధించింది. మన పిల్లల చదువు కోసం ఒక ప్రాణిని పనిముట్టుగా వాడటం న్యాయమా? అన్ని ప్రాణుల విషయంలోనూ న్యాయం కాదు. రామచిలుకను పంజరంలో పెట్టడం, నక్షత్ర తాబేలును తొట్టిలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడవి నుంచి పట్టి తెచ్చిన ప్రాణి దగ్గర నేర్చుకోదగ్గ మొదటి పాఠం, దాన్ని కొనకూడదన్నదే. పుట్టినరోజు కానుకగా కొన్న కుక్కపిల్లను ఆరునెలలకు వీధిలో వదిలేసే ఇళ్లు ఉన్నాయి. ఆ పిల్లలు నేర్చుకున్నది ఏమిటో చెప్పాలంటే మనసొప్పదు. కోడి సంగతి వేరు. అది మనతో బతకడానికి అలవాటుపడిన పక్షి. అయినా పండక్కి అది కూరైపోయే అవకాశం ఉంది. పొదగేసి పెంచిన పిల్లను కోస్తుంటే పిల్లలు ఏడుస్తారు. ఇక్కడ అబద్ధం చెప్పకండి, ఊరికి పంపించామనకండి. తినే ఇల్లయితే తింటామని ముందే చెప్పండి. వద్దని పిల్ల పట్టుబడితే ఆ మాటా వినండి. మాంసం ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా తినడం కన్నా, తెలిసి తినడమో మానడమో మేలని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోరని తెలుసు.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు కోడి మాకు కుదరదంటారు. చిన్న తొట్టిలో నాలుగు చేపలు చాలు. తొట్టి నీళ్లు మొత్తం ఒకేసారి మారిస్తే చేపలు ఎందుకు చచ్చిపోతాయి అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంటే, చేప వదిలే అమ్మోనియా, దాన్ని మార్చే బాక్టీరియా, నైట్రోజన్ చక్రం వరుసగా బయటికొస్తాయి. ప్రాణి చిన్నదైనా పరవాలేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మన రెండు రాష్ట్రాల బడుల్లోనూ ప్రాజెక్టు పనులున్నాయి. ఇప్పుడు ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో రంగుల బొమ్మలు ప్రింటు తీయించి చార్టు మీద అంటించడం. తల్లులు రాత్రి పదింటికి స్కెచ్ పెన్నులతో కూర్చోవడం. ఈ ఏడాది ఒక్కసారి, ఇంటి ప్రాణిని గురించి మూడు వారాలు రాసిన నోటుపుస్తకాన్ని ప్రాజెక్టుగా తీసుకోండి. అందులో అక్షరదోషాలుంటాయి, ఒక రోజు తూకం తప్పుంటుంది, రెండు రోజులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ వదిలిన పిల్లకు, ఊహించి నింపిన పిల్లకన్నా ఒక మార్కు ఎక్కువ వేయండి. నాలుగో గుడ్డు బరువు పన్నెండో రోజున ఎందుకు పెరిగింది అని అడగండి. కాటా మీద గడ్డిపరక ఉండిపోయిందేమో. పొదుగుకు తేదీ కూడా చూసుకోవాలి. దసరా సెలవులకు పది పన్నెండు రోజుల ముందు గుడ్లు పెడితే పిల్లలు సెలవుల్లోనే పెంకు పగలగొట్టుకొని వస్తాయి. మార్చి నెలాఖరులో మాత్రం వద్దు. పరీక్షలూ ఎండలూ ఒకేసారి వస్తాయి, పెట్టకూ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు.